బిరడా తీయని బుడ్డి

ప్రియమైన మా గోళీకి,

నాన్న వేల ముద్దులతో రాస్తున్న ఉత్తరం.

ఏడో నెల వచ్చిందనీ, లోపలి మనిషి తెల్లారేసరికి తన్నడం మొదలుపెడుతోందనీ రాశావు. ఆ ఒక్క వాక్యం మూడుసార్లు చదువుకుని, నాలుగోసారి మా కార్ఖానా కాంపౌండరు చేత పైకి చదివించాను. అతను చదివితే మాత్రం నాకు వినపడుతుందా? అతని పెదాలు ఆ మాట పలుకుతుంటే చూడాలనిపించింది, అంతే. నలభై ఏళ్ళు కొలిమి హోరు పక్కన నిలబడిన చెవులివి. ఫోన్లో నువ్వు గొంతు చించుకున్నా నాకు దోమ పాటలాగే ఉంటుంది. ఉత్తరమైతే ఎవరూ అరవక్కర్లేదు.

నా కాలి సంగతి అడిగావు. గాజు కార్ఖానా మెట్ల మీద జారిన మాట నిజమే, పిండికట్టు వేసిన మాటా నిజమే. ఇంకా చాలా వారాలు ఉంచాలట. నేనేమీ ఖాళీగా లేను. మందు బుడ్లు ట్రేలలో నా గదికే పంపుతున్నారు. ఒక్కోదాన్నీ కిటికీ వెలుగులో పట్టుకుని, బుడగ ఉందా, మూతి పగిలిందా చూసి పక్కన పెడుతున్నాను. కాలు విరిగితే కళ్ళు విరగవు కదా.

నీ విత్తనాల గది కోసం యాభై బుడ్లు పంపాను, అందాయా? అన్నీ సబ్బునీళ్ళలో మూడేసిసార్లు కడిగి, ఎండలో బోర్లించి ఆరబెట్టినవే. మసి అంటిన గాజు నా చేతినుంచి బయటికి పోయిందని ఈ కార్ఖానాలో ఒక్కడు చెప్పమను. చిన్నప్పుడు నీ ముఖం కూడా అలాగే రుద్దేవాణ్ణని పోయిన మీ అమ్మ తిట్టేది.

వియ్యపురాలు గారు నిన్ను పని మానెయ్యమంటోందని రాశావు. ఆవిడ ప్రేమతోనే అంటోంది, కాదనను. కానీ ఆ నర్సరీలో ఏ విత్తనం ఏ బుడ్డిలో ఉందో నీకు తప్ప ఎవరికీ తెలియదని నువ్వే అన్నావు. నీ ఒళ్ళు మాట వింటున్నన్నాళ్ళూ వెళ్ళు. ఆడపిల్ల కొలిమి గట్టు ఎక్కకూడదని మా మేస్త్రీ గీత గీసినప్పుడు మనం విన్నామా? పదేళ్ళదానివి. ఆయన టీ తాగడానికి వెళ్ళగానే నిన్ను పెట్టె మీద నిలబెట్టి గొట్టం నోటికి ఇచ్చాను. బుగ్గలు పూరించి ఊదావు. మెడ ఒక పక్కకి వాలిపోయిన బుడ్డి పుట్టింది, బాగా తాగి ఇంటికొస్తున్న మనిషిలాగ. దాన్ని నువ్వు ఇప్పటికీ కళ్ళజోడు పెట్టెలో వేసుకుని తిరుగుతున్నావని అల్లుడుగారు చెప్పారు. బిరడా మాత్రం తీయకు. నీ పదేళ్ళ ఊపిరి అందులో ఉంది.

కట్టేసిన కాలితోనూ గంతులేస్తున్న,
నీ నాన్న

*

ప్రియమైన గోళీకి,

ఇరవై రెండు రోజులైంది, నీ ఉత్తరం లేదు. అల్లుడుగారు కాంపౌండరు ఫోనుకి “అంతా బాగానే ఉంది” అని మూడు ముక్కలు పంపారు. నిజంగా బాగున్న మనిషి గురించి ఎవరూ మూడు ముక్కలతో సరిపెట్టరు. పోస్టుమాన్ వీధి మొదట్లో కనిపించగానే చంకకర్ర మీద గుమ్మంలోకి వస్తున్నాను. పాపం, ఆయన నన్ను చూసి దారి మార్చుకుంటున్నాడు.

ఏం జరిగినా సరే, ఉన్నదున్నట్టు రాయి. నేను గాజు పనివాణ్ణి. పగులు ఎక్కడుందో తెలిస్తేనే నాకు స్థిమితం.

నీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

ఈ కోడిగీతలు చూసి కంగారుపడకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. రోజుకి అరపేజీ చొప్పున నాలుగు రోజులు పట్టింది.

ముందు అసలు మాట చెప్పేస్తాను. నన్ను పాము కరిచింది. నేను బతికే ఉన్నాను. లోపలి మనిషి గుండె కొట్టుకుంటోంది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని మిగతాది చదువు.

విత్తనాల గదిలో ఖాళీ కుండీల వెనక ఒక సంచి పడి ఉంటే తీయబోయాను. కుడిచేతి బొటనవేలి కింద రెండు వేడి సూదులు దిగినట్టయింది. గోధుమరంగు తోక ఒకటి కుండీల సందులోకి జారిపోయింది. అంతకు మించి చూడలేదు, వెతకనివ్వలేదు కూడా. మొక్కలకి అంట్లు కట్టే అక్క పరిగెత్తుకొచ్చి, అంట్లకి వాడే తాడుతోనే నా జబ్బకి బిగించి కట్టేసింది. పది నిమిషాలకి వేళ్ళు నీలంగా మారాయి. పోయినేడు ఆరోగ్య కేంద్రం నర్సమ్మ మా నర్సరీకి వచ్చి చెప్పినవి అప్పుడు గుర్తొచ్చాయి. కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నడవొద్దు. నేనే ఆ తాడు విప్పించేశాను. ఉంగరం తీసేసి, విరిగిన చేతికి కట్టినట్టు చెయ్యి కదలకుండా చెక్కకి ఆనించుకుని, మొక్కలు మోసే బండిలో ఎడమపక్కకి తిరిగి పడుకున్నాను. కడుపుతో ఉన్నవాళ్ళు వెల్లకిలా పడుకుంటే బిడ్డకి రక్తం సరిగ్గా అందదట. అంట్ల అక్క ఆరోగ్య కేంద్రం దాకా దారి పొడవునా ఏడుస్తూనే ఉంది. నేనే ఆవిడకి ధైర్యం చెప్పాల్సొచ్చింది.

ఇప్పుడు నీ గొప్ప చెప్తాను. రక్తంలో విషం పనిచేస్తోందా లేదా తెలియాలంటే కాస్త రక్తం గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కడితే ఫరవాలేదు. నీళ్ళలాగే ఉంటే విషం ఉన్నట్టు. ఆ రోజు వాళ్ళ దగ్గర ప్లాస్టిక్ గొట్టాలే ఉన్నాయి, అవి పనికిరావట. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నర్సమ్మ నా సంచి తెరిచి నీ బుడ్డి తీసుకున్నట్టు లీలగా గుర్తు. ఇరవై నిమిషాలు గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. తరవాత ఆవిడ బుడ్డి వంచింది. రక్తం జారింది, టీ జారినట్టు.

అప్పటికి అత్తయ్య, నీ అల్లుడు వచ్చారు. విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తీస్తారని అత్తయ్య ఎక్కడో వింది. కడుపుతో ఉన్న పిల్లకి అది ఎక్కిస్తే బిడ్డ దక్కదని తలుపుకి అడ్డంగా నిలబడింది. నీ అల్లుడు ఆవిడ ముఖం, నా ముఖం చూస్తున్నాడు. నర్సమ్మ అత్తయ్యతో ఒక్కటే అంది.

“తల్లి రక్తమే నిలవకపోతే లోపల బిడ్డకి ఏం మిగులుతుందమ్మా?”

నేను ఒప్పుకోలు కాగితం ఎడమ చేత్తోనే లాక్కున్నాను. “చెయ్యి నాది, కడుపు నాది. ఎక్కించండి” అన్నాను. ఆ వంకర సంతకమే నేను ఎడమ చేత్తో రాసిన మొదటి రాత.

మందు ఎక్కుతుంటే ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు. దానికి ఇంకో సూది వేశారు, తగ్గాక మళ్ళీ ఎక్కించారు. అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఆరేసి గంటలకి రక్తం చూశారు, గడ్డ కట్టింది. బిడ్డ గుండె చప్పుడు మిషన్లో వినిపించారు. నీ కొలిమి దగ్గర తిత్తి కొట్టినట్టుంది.

నీకు చెప్పొద్దని అందరి చేతా నేనే ఒట్టు వేయించుకున్నాను. విరిగిన కాలితో బయలుదేరతావని తెలుసు.

నీ గోళీ

*

ప్రియమైన నా బంగారు గోళీకి, నా పులిపిల్లకి,

కుర్చీలో కూర్చునే చదివాను. చదివాక మళ్ళీ మొదటినుంచి చదివాను. కాంపౌండరు వచ్చేసరికి కళ్ళజోడు తడిసిపోయి ఉంది. “ఏమైంది?” అని అతను పలక మీద రాశాడు. “నా బుడ్డి నా కూతుర్ని కాపాడింది” అని చెప్పాను. తల్లీ, నలభై ఏళ్ళు ఊదాను. ఎన్ని లక్షలు ఊదానో, ఏ ఊళ్ళో ఏ రోగి తలగడ పక్కన నిలబడ్డాయో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం ఎక్కడ నిలబడిందో ఇప్పుడు తెలిసింది. ఈ ముసలాడికి ఇంకేం కావాలి?

కార్ఖానా మొత్తానికి చెప్పేశాను. కొలిమి వాళ్ళు, మూతులు నున్నగా చేసే అమ్మాయిలు, పెట్టెలు కట్టేవాళ్ళు గదికి వచ్చి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని మరీ వెళ్ళారు. కొత్త మేస్త్రీ మాత్రం, అన్ని బుడ్లూ ఒకటే కదా, మీదేం గొప్ప అన్నాడు. పెదాలు చదవడం వచ్చినవాడి ముందు అలాంటివి అనకూడదని అతనికి ఇంకా తెలియదు. చంకకర్ర చూపించాను, వెళ్ళిపోయాడు.

వియ్యపురాలు గారికి చెప్పు, గుర్రం మందు ఎక్కిన పిల్ల గుర్రంలాగే పుడుతుంది. పుట్టిన రోజునే వీధి చివరిదాకా పరిగెత్తి వస్తుంది. ఆవిడే వెనకాల పరిగెత్తాలి, ఇప్పటినుంచే మోకాళ్ళకి నూనె రాసుకోమను.

నువ్వు ఎడమ చేత్తో రాసిన అక్షరాలు కొలిచి చూశాను. ఒక్కటి కూడా తలవంచలేదు.

నీ మీద గర్వంతో చొక్కా గుండీలు తెగుతున్న,
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఉన్నదున్నట్టు రాయమన్నావు కదా.

తిరిగి చూపించుకోవడానికి పెద్దాసుపత్రికి వెళ్ళాం. కుర్ర డాక్టరు ఆ మొదటి పరీక్ష దేంట్లో చేశారని అడిగాడు. నీ పేరు చెప్పుకునే అవకాశం వచ్చిందని ఎగిరి గంతేసి, మా నాన్న చేసిన బుడ్డి, సబ్బుతో మూడుసార్లు కడిగి పంపుతాడు అన్నాను. అతని ముఖం మారింది. సబ్బు తగిలిన గాజులో మంచి రక్తం కూడా ఒక్కోసారి గడ్డ కట్టదట. అంటే ఆ పరీక్ష నమ్మడానికి లేదట. పాము ఏదో ఎవరూ చూడలేదు. చేతి వాపు విషానిదా, తాడు బిగించినందుకా అంటే ఇప్పుడు తేల్చి చెప్పలేనన్నాడు. మందు ఇవ్వడం మాత్రం తప్పు కాదని కూడా అన్నాడు. కానీ అత్తయ్య అక్కడే ఉంది. ఆవిడ మొదటి సగమే వింది.

ఇప్పుడు ఇంట్లో ఒకటే మాట. విషం లేని కాటుకి కడుపులో బిడ్డ మీద గుర్రం మందు పోయించుకుందని. గట్టిగా అనదు. కంచం పెడుతూ, దుప్పటి మడుస్తూ అంటుంది. సంతకం చేసింది నేనే కదా నాన్నా.

అదైనా పడతాను. లోపలి మనిషి నెమ్మదించింది. తెల్లారేసరికి పదిసార్లు తన్నేది, మొన్న మధ్యాహ్నానికి నాలుగే. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాను. గుండె బాగానే ఉంది, బరువు కాస్త తక్కువగా ఉంది, రోజూ తన్నులు లెక్కపెట్టుకోమన్నారు. ఎడమపక్కకి తిరిగి పడుకుని లెక్కపెడుతున్నాను. మందు వల్ల కాదంటున్నారు. అయినా ఒక తన్నుకీ ఇంకో తన్నుకీ మధ్య నాకు ఆ కాగితమే కనిపిస్తోంది.

ఆ హడావుడిలో నా వంకర బుడ్డి కూడా పోయింది. కళ్ళజోడు పెట్టె ఖాళీగా ఉంది. నర్సమ్మని అడుగుదామంటే ఆవిడ రెండు నెలల శిక్షణకి వేరే చోటికి వెళ్ళింది.

నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. నీ బుడ్డి చెప్పిందా?

గోళీ

*

ప్రియమైన గోళీకి,

నీ ప్రశ్నకి ఊరికే జవాబు చెప్పలేదు. పరీక్ష పెట్టి చెప్తున్నాను.

కాంపౌండర్ని కూర్చోబెట్టి నా చేతినుంచి రక్తం తీయించాను. తీయనని మొరాయించాడు, ముసలాడివి నీకెందుకన్నాడు. వాడితో చదరంగం ఆడనని బెదిరిస్తే దారికొచ్చాడు. సగం రక్తం నేను సబ్బుతో కడిగిన బుడ్డిలో, సగం కొలిమి నుంచి వచ్చి నీళ్ళు కూడా తగలని కొత్త బుడ్డిలో. ఇరవై నిమిషాలు ఇద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. కొత్త బుడ్డి వంచితే రక్తం కదల్లేదు, గట్టిగా పట్టుకుంది. నేను కడిగిన బుడ్డి వంచితే జారింది. నన్ను ఏ పామూ కరవలేదు తల్లీ.

అవును. నా బుడ్డి అబద్ధం చెప్పగలదు. నేను గొప్ప అనుకున్న ఆ కడుగుడే దానికి అబద్ధం నేర్పింది. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజు కోపం వచ్చింది. నువ్వు సంతకం చేసినప్పుడు నీ ముందున్నదేమిటి? పాము కాటు, వాచిన చెయ్యి, నీళ్ళలాంటి రక్తం. ఆ మూడూ ఒకే మాట చెప్తుంటే, కాదు ఆగి చూద్దామన్నవాడు తెలివైనవాడా? రేపు మళ్ళీ అదే కాగితం ముందుకొస్తే మళ్ళీ సంతకం చెయ్యి. నాన్న చెప్పాడని చెయ్యి. తప్పంటూ ఉంటే గాజుది, గాజు నాది. నీ వాటా సున్నా. బిడ్డకి నువ్వు కీడు చేశావని ఎవరైనా అనదలుచుకుంటే నా దగ్గరకొచ్చి అనమను. నాకు ఎలాగూ వినపడదు.

ఇంకో పని చేశాను. పన్నెండు బుడ్లు, చుక్క నీరు తగలనివి, బిరడాలు పెట్టి ఆ ఆరోగ్య కేంద్రానికి నర్సమ్మ పేరున పంపాను. “వీటిని సబ్బుతో కడగలేదు, కడగకండి” అని పైన అంటించాను. పోయినసారి జరిగినదానికి క్షమించమని ఒక ముక్క రాశాను. నలభై ఏళ్ళలో నేను కడగకుండా బయటికి పంపిన గాజు ఇదే.

వంకర బుడ్డి పోతే పోనీ. తన్నులు లెక్కపెట్టి రాస్తూ ఉండు. తగ్గితే నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకు, ఆసుపత్రికి వెళ్ళు.

తల దించని,
నీ నాన్న

*

ప్రియమైన నాన్నకి, అంటే ప్రియమైన తాతయ్యకి,

అక్షరాలు చూశావా? కుడిచెయ్యి. వేలు ఇంకా పూర్తిగా మడవదు, కలం మాత్రం పట్టుకుంటోంది.

ఆడపిల్ల. మూడు వారాలు ముందే వచ్చేసింది. రెండు కిలోల మూడొందలు. కాస్త చిన్నది, అంతే. పుట్టగానే ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. ఆ క్షణం సంగతి నేను ఎప్పటికీ రాయను. తరవాత అది పెట్టిన కేకకి నీకైనా వినపడి ఉండాలి. గిట్టలు లేవు, తోక లేదు, నేను స్వయంగా వెతికాను. అత్తయ్య కూడా వెతికినట్టుంది.

ఇంకా అయిపోలేదు. పదకొండో రోజున పిల్ల బరువు చూడ్డానికి నర్సమ్మ ఇంటికొచ్చింది. శిక్షణ నుంచి తిరిగి రాగానే బల్ల మీద నీ పొట్లం, నీ ఉత్తరం ఉన్నాయట. ఇక్కడ కూర్చుని ఆవిడ అడిగిన మొదటి మాట ఇది: “మీ నాన్నగారు క్షమాపణ ఎందుకు రాశారు?”

చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి దూదిలో చుట్టిన పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. విప్పితే నా వంకర బుడ్డి.

ఆ రోజు నా సంచిలో మెరిసే బుడ్లు ఆరు ఉన్నాయట. వాసన చూస్తే సబ్బు. సబ్బు తగలని గాజు లేదా అని నన్ను అడిగిందట, నేను కళ్ళు మూసుకునే కళ్ళజోడు పెట్టె చూపించానట. నాకు ఒక్క ముక్కా గుర్తు లేదు. బిరడా ఎంత బిగుసుకుపోయిందంటే పట్టకారుతో తీయాల్సొచ్చింది. లోపల దుమ్ము లేదు, తడి లేదు, ఏమీ లేదు, ఇరవై ఏళ్ళుగా ఏదీ తాకని గాజు అంది. నా రక్తం పోసింది అందులోనే. అందులోనే అది గడ్డ కట్టలేదు.

“అది విషమేనమ్మా” అంది. ఆ మాట నాకు చెప్పలేదు, అత్తయ్య వైపు తిరిగి చెప్పింది. “ఇంకో గంట ఆగి ఉంటే ఈ ఇద్దరూ ఉండేవాళ్ళో లేదో.”

అత్తయ్య లేచింది. లోపలికి వెళ్ళి నా పని సంచి తెచ్చింది. నర్సరీకి మళ్ళీ ఎప్పుడు వెళ్తావు, పిల్లని నేను చూసుకుంటాను, కానీ ఆ కుండీలన్నీ ఎత్తించి గది శుభ్రం చేయించాకే అడుగు పెట్టు అంది. సరే అన్నాను. ఆవిడ చెప్పినది వినడం ఇదే మొదటిసారి అనుకుంటా.

నర్సమ్మ బుడ్డిని మరిగించి, సబ్బుతో కడిగి తెచ్చింది. ఇక పరీక్షకి పనికిరాదు, దాచుకో అంది. అందులో నా ఊపిరి మాత్రం పోయింది నాన్నా. బిరడా తీశారు కదా.

నీ గోళీ, గోళీ కూతురు

*

ప్రియమైన నా ఇద్దరు ఆడపిల్లలకి,

ఉత్తరం పట్టుకుని కార్ఖానా అంతా తిరిగాను. పిండికట్టు నిన్ననే తీశారు, కాలు ఎండిన కర్రలా ఉంది, అయినా తిరిగాను. కొత్త మేస్త్రీకి ప్రత్యేకంగా చదివి వినిపించాను. అన్ని బుడ్లూ ఒకటే అన్నాడు కదా. అతను టోపీ తీశాడు. కాంపౌండరు ఏడ్చాడు, కంట్లో గాజు రజను పడిందని సర్దుకున్నాడు.

గోళీ, నీకొక మాట ఒప్పుకోవాలి. నేను నీకెప్పుడూ అబద్ధం చెప్పలేదని రాశావు. చెప్పాను, ఒక్కటి. ఆ బుడ్డిలో నీ ఊపిరి ఎప్పుడూ లేదు. గొట్టం నుంచి విడగొట్టగానే బయటికి పోయింది, ఏ గాజులోనైనా అంతే. చల్లారాక నేనే బిరడా కొట్టాను. నువ్వు దాన్ని రోజుకి పదిసార్లు తెరిచి మూసి మూతి పగలగొట్టుకుంటావని భయపడి, ఊపిరి ఉంది తీయకు అన్నాను. నువ్వు నమ్మావు. ఇరవై ఒక్క ఏళ్ళు నమ్మావు. నేను ఎంతో నిజాయితీగా కడిగి పంపిన యాభై బుడ్లూ ఆ రోజు పనికిరాలేదు. ఈ ఒక్కటి పనికొచ్చింది. ఇంకెప్పుడైనా నేను అబద్ధమాడితే తిట్టే ముందు కాస్త ఆలోచించు.

ఈ మధ్యాహ్నమే రైలెక్కుతున్నాను. వద్దని రాయకు, రాసినా నాకు అందదు. ఈ ఉత్తరం కంటే ముందు నేనే వచ్చేస్తానేమో, అయినా రాయకుండా ఉండలేకపోయాను. వియ్యపురాలు గారితో గుర్రం గురించి ఒక్క మాట కూడా ఎత్తనని చెప్పు. రెండోరోజు ఎత్తుతాను.

ఇందాక మేస్త్రీ గదికి వెళ్ళి సెలవు చీటీ ఒకటి ముందుగానే ఇచ్చాను. పదేళ్ళ తరవాతి తేదీ వేశాను. పిల్ల పుట్టినరోజు. ఆ రోజు దాన్ని పెట్టె మీద నిలబెట్టి గొట్టం నోటికి ఇస్తాను, కొలిమి గట్టు ఖాళీగా ఉంచమన్నాను. ఆడపిల్లలు గట్టు ఎక్కకూడదన్న పాత నియమం ఇంకా ఉందండీ అని మెల్లగా అన్నాడు. పెదాలు చదివాను. వినపడలేదని తల ఊపాను.

అప్పటికి నాకు డెబ్భై తొమ్మిది. నేనుంటాను.

మీ ఇద్దరి,
ఊదుడు తాత